పది రెట్ల ధర పెడితే ఇయర్‌ఫోన్‌లో పది రెట్ల తేడా వినిపిస్తుందా?

చెవులపిల్లి:

ప్రస్తుతం వాడుతున్నది 10 మి.మీ. సింగిల్ డైనమిక్ డ్రైవర్ (పొర కదిలి శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్) ఉన్న వైర్డ్ ఇయర్‌ఫోన్. 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 105 డెసిబెల్స్ అని పెట్టె మీద రాసుంది. ఫోన్‌కి టైప్-సి డాంగిల్ (ఫోన్ చార్జింగ్ రంధ్రానికి ఇయర్‌ఫోన్ కలిపే చిన్న అడాప్టర్) తగిలించి వింటాను. దీనికి దాదాపు పది రెట్ల ధర ఉన్న హైబ్రిడ్, అంటే రెండు రకాల డ్రైవర్లూ కలిసింది, ఒకటి (1 డైనమిక్, 5 బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు) కొనాలా వద్దా అని ఊగిసలాట.

ఇప్పుడున్న దాంతో ఇబ్బందులు మూడు. బేస్ పల్చగా ఉంది, వేలితో నొక్కి పట్టుకుంటే మాత్రం బాగా వస్తుంది. పాటలో ‘స’, ‘ష’ పడ్డప్పుడల్లా సూది గుచ్చినట్టు ఉంటుంది. కుడివైపు కొంచెం తక్కువ వినిపిస్తుంది, దాంతో పాడేవాళ్లు ఎడమకి జరిగి నిలబడ్డట్టు అనిపిస్తుంది.

ఖరీదైనది కొంటే ఈ మూడూ పోతాయా? దానికి విడిగా ఆంప్ (శక్తి పెంచే ఆంప్లిఫయర్) కావాలా? కేబుల్ కూడా మార్చాలంటున్నారు, అదెంతవరకు నిజం? ‘ఒకసారి వింటే మీకే తెలుస్తుంది’ అనే జవాబు ఇప్పటికే బోలెడంతమంది ఇచ్చారు. డబ్బు దేనికి పోతుందో, దేనికి పోనవసరం లేదో విడదీసి చెప్పండి చాలు.

ఓమ్‌మీటర్:

ఆ మూడు ఇబ్బందులకీ ధరకీ సంబంధం లేదండి. మొదటిది సీల్, అంటే చెవి రంధ్రం సందు లేకుండా మూసుకోవడం. రెండోది టిప్ (చెవిలో దూరే రబ్బరు తొడుగు) ఎంత లోతుకి దిగిందన్న సంగతి. మూడోది చాలావరకు నాజిల్ (టిప్ తొడిగే మూతి) మీది జాలీ. ఇవి చూసుకోకుండా ఆరు డ్రైవర్లది కొన్నా, అదే చెవి, అదే రబ్బరు, అదే గోల.

వేలితో నొక్కితే బేస్ వస్తోందని మీరే రాశారు, జబ్బు అక్కడే దొరికిపోయింది. డయాఫ్రం, అంటే డ్రైవర్ లోపలి పొర, కదిలేది పిసరంత. ఆ పిసరుతోనే కర్ణభేరి దగ్గర గాలి ఒత్తిడి మారాలంటే, మధ్యలో ఉన్న గాలి బయటికి పోకూడదు. టిప్ పక్కన కంటికి ఆనని సందున్నా 100 హెర్ట్జ్ కింద 10 డెసిబెల్స్, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోతుంది. పైన మిడ్స్ (మధ్య స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) మాత్రం అలాగే ఉంటాయి, అందుకే ‘పల్చగా’ అనిపిస్తుంది. చిల్లుకుండలో బిందెతో పోసినా చెంబుతో పోసినా ఒకటే.

పరీక్ష ఇలా చేయండి. 40 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే స్వరం ఉన్న పరీక్ష శబ్దం) తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, ఒక్కో చెవినీ విడిగా చూడండి. వేలితో మెల్లగా లోపలికి నొక్కినప్పుడు శబ్దం ఒక్కసారిగా పెరిగితే సీల్ లేదన్నట్టు. ఏ మార్పూ లేకపోతే ఉన్నట్టే. టోన్ దొరక్కపోతే రెండూ పెట్టుకుని మామూలుగా మాట్లాడండి. సొంత గొంతు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు రెండు పక్కలా ఒకేలా మోగాలి. ఒక పక్కే మోగుతుంటే రెండో పక్క కారుతోంది.

పెట్టుకోవడంలోనే సగం తప్పులు జరుగుతాయి. రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగితే రంధ్రం వంపు తిన్నగా అవుతుంది, అప్పుడు లోపలికి తిప్పుతూ పెట్టి చెవి వదిలేయాలి. పెట్టెలో వచ్చిన మీడియం టిప్స్‌తోనే చాలామంది ఆగిపోతారు. ఒక సైజు పెద్దవి వేసి చూడండి. రెండు చెవులూ ఒక్క కొలతలో ఉండాలని ఎక్కడా లేదు, ఎడమకి మీడియం, కుడికి లార్జ్ పడితే అలాగే వాడుకోవాలి. ఫోమ్ టిప్ అయితే వేళ్లతో నలిపి సన్నగా చేసి, పెట్టాక అది ఉబ్బేదాకా ఓ 20–30 సెకన్లు వేలితో పట్టి ఉంచాలి. పెట్టి వెంటనే వదిలేస్తే అది బయటికే ఉబ్బి జారిపోతుంది.

ఇక ‘స’, ‘ష’. ఈ హల్లుల్లో గుచ్చే భాగం స్థూలంగా 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. నాజిల్ చివరికీ కర్ణభేరికీ మధ్య మిగిలిన గాలి గొట్టం కూడా సరిగ్గా ఆ మధ్యలోనే మోగుతుంది. గొట్టం 25 మి.మీ. ఉంటే 7 కిలోహెర్ట్జ్ దగ్గర, 22 మి.మీ. ఉంటే 8 దగ్గర, 18 మి.మీ. అయితే దాదాపు 9.7 దగ్గర. అంటే టిప్ పైపైన కూర్చుంటే ఆ మోత వచ్చి సరిగ్గా ‘స’ మీద పడుతుంది. నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి దిగితే ‘స’ని దాటి పైకి పోతుంది. సన్నటి, పొడుగు టిప్స్ వేసి చూడండి. గుచ్చడం తగ్గితే తప్పు డ్రైవర్‌ది కాదు. తగ్గకపోతే ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్) ఉండనే ఉంది.

కుడివైపు సంగతి తేల్చడానికి కుడి పీస్‌ని ఎడమ చెవిలో, ఎడమ పీస్‌ని కుడి చెవిలో పెట్టుకోండి. తక్కువదనం పీస్‌తో పాటు ఎడమ చెవికి వస్తే పీస్‌లోనో కేబుల్‌లోనో లోపం. కుడి చెవిలోనే ఉండిపోతే చెవిలో గులిమి ఉందేమో చూపించుకోండి. దానికి ఏ కంపెనీ ఇయర్‌ఫోనూ మందు కాదు.

రాగితీగ:

ఓమ్‌మీటర్ గారు ఇబ్బందుల లెక్క తేల్చారు కాబట్టి నేను డబ్బు లెక్క చెప్తాను.

2017లో అమెరికా అకౌస్టికల్ సొసైటీ పత్రికలో బ్రీబార్ట్ అనే పరిశోధకుడి వ్యాసం వచ్చింది. 283 హెడ్‌ఫోన్లు కొలిచారు, అందులో చెవిలో పెట్టుకునేవీ ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తుందో చూపే గ్రాఫ్) అమ్మకం ధరకీ మధ్య పొంతన ఏమీ కనపడలేదని తేల్చారు. అంటే ధర చీటీ చూసి గ్రాఫ్ ఊహించలేం. మరోపక్క హర్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఆలివ్ బృందం పేర్లు కనపడకుండా వినిపించి చేసిన పరీక్షల్లో, వినేవాళ్లకి నచ్చడం నచ్చకపోవడం చాలావరకు ఆ గ్రాఫ్‌నే పట్టుకుని ఉంటుందని తేలింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి: నచ్చేది ఆ గ్రాఫ్‌ని తీర్చిదిద్దే ట్యూనింగ్ వల్ల, ట్యూనింగ్‌కేమో ధరతో పని లేదు.

ఎందుకు లేదంటే, ట్యూనింగ్ అనేది సామాను కంటే బుర్ర ఎక్కువ ఖర్చయ్యే పని. చెవి రంధ్రం సహజంగానే 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పెంచుతుంది. ఇయర్‌ఫోన్‌తో రంధ్రం మూసేస్తే ఆ పెంపు పోతుంది, దాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో, వెనక గదిలో రంధ్రం ఎంత ఉండాలో, నాజిల్‌లో ఎంత దట్టమైన జాలీ పెట్టాలో తెలిస్తే, చవక డైనమిక్ డ్రైవర్‌తో కూడా గ్రాఫ్ దారికి వస్తుంది. తెలియనివాళ్లు ఖరీదైన సామానుతోనూ పాడుచేస్తారు. పదేళ్ల కిందటి వరకు ఈ లెక్క తెలిసిన చవక కంపెనీలు తక్కువ. ఇప్పుడు కొలిచే కప్లర్లు (చెవి రంధ్రాన్ని పోలిన కొలత పరికరాలు) అందరి దగ్గరా ఉన్నాయి. మూన్‌డ్రాప్, 7హెర్ట్జ్, ట్రూతియర్ లాంటి కంపెనీలవాళ్లు అడుగు ధరల్లోనే టార్గెట్ గ్రాఫ్‌కి దగ్గరగా తెస్తున్నారు.

మరి మిగతా డబ్బు ఎటు పోతుంది? ఒక ఉదాహరణ చూడండి. సెన్‌హైజర్ ఐఈ 200, ఐఈ 600, ఐఈ 900, మూడింట్లోనూ ఉన్నది 7 మి.మీ. సింగిల్ డైనమిక్ డ్రైవరే. ధరలు మాత్రం మూడు అంతస్తుల్లో ఉంటాయి. 200ది ప్లాస్టిక్ షెల్. 600ది త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన జిర్కోనియం లోహం. 900ది అల్యూమినియం దిమ్మెని మిల్లింగ్ చేసి తీసింది, ట్రెబుల్ మోతని అణచడానికి లోపల మూడు చిన్న గదులు తొలిచారు. ఆ గదుల వల్ల తేడా ఉంది, కొలతలో కనపడుతుంది కూడా. కానీ మెట్టు మెట్టుకీ ధర ఎక్కినంత ఎత్తుకి శబ్దం ఎక్కదు. పైసలు పోయేది మెటల్ పనికి, తక్కువ సంఖ్యలో తయారు కావడానికి, ఎడమ-కుడి జత కలపడానికి, పెట్టెకి, కేబుల్‌కి, ఆ మోడల్ మీద పెట్టిన పరిశోధన ఖర్చుకి.

‘5 బీఏలు’ (బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు) అని చూసి మురిసిపోకండి. ఒక్కో బీఏ చిన్న పెట్టె. వినికిడి యంత్రాల్లో ఎప్పటినుంచో వాడుతున్నదే. ఒక్కటే అన్ని స్వరాలనీ మోయడం కష్టమని పంచిపెడతారు, పంచినచోట క్రాస్ఓవర్ (ఏ స్వరం ఏ డ్రైవర్‌కో విడదీసే సర్క్యూట్) పెట్టాలి, ప్రతి క్రాస్ఓవర్ దగ్గరా రెండు డ్రైవర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకునే ప్రమాదం ఉంటుంది. డ్రైవర్ల సంఖ్య వంటవాళ్ల సంఖ్య లాంటిది. ఎటిమోటిక్ కంపెనీ ఈఆర్4 1991లో వచ్చింది, చెవికి ఒక్కటంటే ఒక్క బీఏ. ఈనాటికీ మిడ్స్ విషయంలో దాన్ని పక్కన పెట్టి పోల్చుకుంటారు.

తంబుర:

రాగితీగ గారితో సగమే ఏకీభవిస్తాను. గ్రాఫే సర్వస్వం అంటే కుదరదు, గ్రాఫ్‌కి కూడా చెవుడు ఉంది. ఆన్‌లైన్‌లో కనపడేవాటిలో ఎక్కువభాగం ఐఈసీ 60318-4 అనే ప్రమాణం ప్రకారం చేసిన కప్లర్ మీద కొలిచినవి, ‘711’ అని పిలిచేది అదే. అది 10 కిలోహెర్ట్జ్ దాటాక నమ్మదగింది కాదు. 8 దగ్గర కనపడే శిఖరం చాలాసార్లు కప్లర్ సొంత మోత. ఓమ్‌మీటర్ గారు చెప్పిన గొట్టం లెక్కే అది. తాళాల జిలుగు, తీగ మీటిన తర్వాతి గాలి, ఇవన్నీ ఆ నమ్మలేని పైభాగంలో ఉంటాయి. గ్రాఫులు రెండూ ఒకటే అయినా అక్కడ తేడా రావచ్చు.

గ్రాఫులో కనపడనివి ఇంకా ఉన్నాయి. పీస్‌కీ పీస్‌కీ తేడా చవకవాటిలో ఎక్కువ. సమీక్షకుడి చేతిలో పడిన పీస్ గ్రాఫ్ ఒకటి, మీకొచ్చిన పీస్ ఇంకోటి. ఎడమ కుడి మధ్య 2–3 డెసిబెల్స్ తేడాతో వచ్చేవి ఉంటాయి, ఖరీదైనవాటిలో డ్రైవర్లని కొలిచి జతకలిపే ఓపిక ఎక్కువ. మోనో పింక్ నాయిస్ (రెండు చెవులకీ ఒకేలా వచ్చే పరీక్ష హోరు) పెడితే నడినెత్తిన చిన్న ముద్దలా వినిపించాలి. పక్కకి జరిగినా, వెడల్పుగా పరుచుకున్నా జత కుదరలేదు. ‘ఇమేజింగ్ (ఏ శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియడం) అద్భుతం’ అని పొగిడేదాంట్లో పెద్ద వాటా ఈ జత కుదరడమే.

అన్నిటికంటే ముఖ్యం బయటి రొదని ఆపడం. బేస్ కోసం షెల్‌కి రంధ్రాలున్న డైనమిక్‌లు రొదని అంతంతమాత్రమే ఆపుతాయి. లోతుగా దిగే మూడు అంచెల టిప్‌తో ఎటిమోటిక్ 35 డెసిబెల్స్ పైనే ఆపుతుందని కంపెనీ లెక్క. దీనికి చెవి ఆరోగ్యంతో సూటి సంబంధం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వారానికి 40 గంటలైతే 80 డెసిబెల్స్ వరకు ఫర్వాలేదు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ గంటలు సగమవుతాయి. రొద మీద వినపడాలని 9 డెసిబెల్స్ పెంచారంటే 40 గంటలు కాస్తా 5 గంటలకి వచ్చాయి. రొదలో వినేవాళ్లకి ఇక్కడ పెట్టే డబ్బు దండగ కాదు. అయితే ఇది డ్రైవర్ల సంఖ్యతో వచ్చేది కాదు, టిప్‌తో, షెల్ ఆకారంతో వచ్చేది.

చెవి అచ్చు తీసి చేసే కస్టమ్ మౌల్డ్ కూడా ఇదే కోవ. స్టేజి మీద పాడేవాళ్లకి అది పనిముట్టు. అచ్చు తీసేటప్పుడు రెండో వంపు దాటేదాకా మైనం లాంటి పదార్థం వెళ్లాలి, నోట్లో చిన్న దిమ్మె కరిచిపట్టాలి. లేకపోతే పాడుతూ నోరు తెరిచినప్పుడల్లా సీల్ పోతుంది. ఇంకొకళ్లకి పనికిరాదు కాబట్టి తిరిగి అమ్ముకోలేరు. మామూలు శ్రోతకి ఆ ఖర్చు నేను చెప్పను.

చెవులపిల్లి:

అందరికీ ధన్యవాదాలు. లార్జ్ టిప్స్‌తో 40 హెర్ట్జ్ పరీక్ష పాసైంది, నొక్కినా మార్పు లేదు. పీస్‌లు మార్చి చూస్తే తక్కువదనం పీస్‌తో పాటే ఎడమ చెవికి వచ్చింది. కేబుల్ ఊడదీయొచ్చు, రెండు పిన్‌లతో తగులుకునే 2-పిన్ రకం. తర్వాత ఏం చేయాలి?

ఓమ్‌మీటర్:

కేబుల్ ఊడుతుంది కాబట్టి ముందు కేబుల్‌ని తప్పించండి. రెండు పీస్‌లనీ తీసి, ఎడమ తీగకి కుడి పీస్, కుడి తీగకి ఎడమ పీస్ తగిలించండి. పిన్‌లు వంకర పోకుండా తిన్నగా లాగాలి, ఆడించి లాగితే 0.78 మి.మీ. పిన్ వంగుతుంది, లేదా షెల్‌లోని సాకెట్ లోపలికి కుంగుతుంది. లోపం తీగ వెంటే ఉంటే కేబుల్ మార్చండి. పీస్‌తోనే ఉంటే జాలీ.

టిప్ తీసేసి నాజిల్‌ని వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. జాలీ కన్నాలు విడివిడిగా మెరవాలి. జిగురు పూసినట్టు నున్నగా ఉంటే గులిమి పట్టింది. శుభ్రం చేసేటప్పుడు నాజిల్ నేల వైపు చూడాలి, రాలింది లోపలికి పోకుండా. పొడి మెత్తటి బ్రష్‌తో మెల్లగా తట్టండి. రాకపోతే గోడకి పోస్టర్లు అంటించే మెత్తటి బంకముద్దని జాలీ మీద అద్ది లాగండి, రెండు మూడుసార్లు. సూది పెట్టకండి. సూది దిగేది జాలీలోంచి నేరుగా డయాఫ్రంలోకి. స్పిరిట్ చుక్కలు కూడా పోయకండి, గులిమి కరిగి జాలీ వెనక డ్యాంపర్‌లో (మోతని అణిచే పొర) పేరుకుంటుంది. అప్పుడు ట్రెబుల్ శాశ్వతంగా పోతుంది.

జాలీ శుభ్రంగా ఉండి కూడా తక్కువగానే ఉంటే తేమ అయి ఉండొచ్చు. సిలికా జెల్ పొట్లాలతో మూతడబ్బాలో రాత్రంతా ఉంచండి. హెయిర్ డ్రైయర్ వద్దు. జాలీలు విడిగా దొరుకుతాయి, నాజిల్ వ్యాసం కొలిచి (4 నుంచి 6 మి.మీ. మధ్య ఉంటుంది) అంటించుకునేవి తెచ్చి రెండు వైపులా కలిపి మార్చండి. ఒక్క వైపే మారిస్తే జాలీ దట్టం తేడాకి మళ్లీ ఎడమ కుడి కుదరవు.

చెవిలో పెట్టేటప్పుడు ‘టక్’మని రేకు నొక్కుకున్న చప్పుడు వస్తే కంగారు పడకండి. అది లోపల ఇరుక్కున్న గాలికి డయాఫ్రం వంగడం. నెమ్మదిగా, టిప్‌ని కొంచెం పక్కకి వంచి పెడితే రాదు.

రాగితీగ:

ఆంప్, కేబుల్ ప్రశ్నలు అలాగే మిగిలిపోయాయి.

మీ ఇప్పటి పీస్‌కి 1 మిల్లీవాట్ ఇస్తే 105 డెసిబెల్స్. పాటలో ఎగసిపడే ఘట్టానికి 110 కావాలనుకుంటే 5 డెసిబెల్స్ ఎక్కువ, అంటే 3.16 మిల్లీవాట్లు. 16 ఓమ్‌ల మీద అది 0.22 వోల్ట్. ఆపిల్ టైప్-సి డాంగిల్ 1 వోల్ట్ ఇస్తుంది (ఐరోపాలో అమ్మేది సగం). 1 వోల్ట్ అంటే మీ పీస్‌కి కాగితం మీద 123 డెసిబెల్స్, చెవులు పోవడానికి సరిపడా. కాబట్టి శక్తి కోసం ఆంప్ అక్కర్లేదు. ఆ డాంగిల్‌నే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పెడితే శబ్దం బాగా తక్కువ వస్తుంది. డాంగిల్ లోపలి వాల్యూమ్‌ని ఫోన్ పూర్తిగా తెరవకపోవడమే కారణం, దానికి ఆంప్ కొనేయకండి.

అసలు చూడాల్సింది శక్తి కాదు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే డాంగిల్‌కో ఆంప్‌కో ఉన్న సొంత నిరోధం. ముఖ్యంగా మీరు చూస్తున్న హైబ్రిడ్‌కి. డైనమిక్ డ్రైవర్ ఇంపీడెన్స్ పైనుంచి కింద దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. బీఏలు, క్రాస్ఓవర్లు ఉన్నవాటిలో అది ఎగుడుదిగుడు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 40 ఓమ్‌లు, 8 కిలోహెర్ట్జ్ దగ్గర 8 ఓమ్‌లు ఉన్న పీస్ తీసుకుందాం. 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న ఆంప్‌కి తగిలిస్తే మొదటిచోట 1.9 డెసిబెల్స్, రెండోచోట 7 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ట్రెబుల్ 5 డెసిబెల్స్ కుంగింది. అదే 1 ఓమ్ డాంగిల్ మీద ఆ తేడా 0.8 మాత్రమే. ‘ఈ ఆంప్‌తో వెచ్చగా వినిపిస్తోంది’ అని రాసే సమీక్షల వెనక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది. ఇయర్‌ఫోన్ కనిష్ఠ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకుండా అవుట్‌పుట్ ఉంటే నిశ్చింత.

హైబ్రిడ్‌లు మిల్లీవాట్‌కి 115 దాటాయంటే ఇంకో బాధ మొదలవుతుంది: పాట ఆగినప్పుడు వినిపించే ‘స్స్’ హిస్, చెవిలో జోరీగ. పెద్ద ఆంప్ కొంటే ఇది పెరుగుతుంది తప్ప తగ్గదు. గెయిన్ (పెంచే మోతాదు) తక్కువ, నాయిస్ తక్కువ ఉన్న డాంగిలే దీనికి విరుగుడు. మధ్యలో 20 ఓమ్‌ల అడాప్టర్ పెట్టినా హిస్ తగ్గుతుంది గానీ పైన చెప్పిన ట్రెబుల్ కుంగుడు దానితో పాటే వస్తుంది.

కేబుల్ గురించి రెండు ముక్కలు. 1.2 మీటర్ల 28 గేజ్ రాగి తీగ, పోను రాను కలిపి సుమారు 0.51 ఓమ్. అదే గేజ్ వెండిదైతే 0.48. వెండి రాగి కంటే 6 శాతమే మెరుగైన వాహకం. ఈ 0.03 ఓమ్ తేడా చెవికి అందదు. కేబుల్ తెగితే కొత్తది కొనండి, మెత్తగా ఉన్నది, చొక్కాకి రాసుకుంటే గరగర చేయనిది కొనండి. వెండి వెల పెట్టకండి. 4.4 మి.మీ. బ్యాలెన్స్‌డ్ జాక్ వోల్టేజీ పెంచుతుంది, 0.22 వోల్ట్ చాలే చోట దాంతో పనేముంది?

తీగలేనివాడు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌కి కూడా ఇదే లెక్కా?

తంబుర:

వాటి లెక్క వేరండి. అక్కడ డబ్బు నాయిస్ క్యాన్సలింగ్‌కి, మైకులకి, చిప్‌కి, యాప్‌కి పోతుంది. ఈ విషయంలో ఖరీదైనవి నిజంగానే మెరుగ్గా ఉంటాయి. ఆ క్యాన్సలింగ్ (ఏఎన్‌సీ) గట్టిగా పనిచేసేది 1 కిలోహెర్ట్జ్ లోపు, ఇంజిన్ మోత, ఫ్యాన్ రొద లాంటివాటి మీద. మనుషుల మాటలు, గిన్నెల చప్పుడు ఆపాల్సింది మళ్లీ టిప్పే. కోడెక్ (బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) గొడవ అంత పెద్దది కాదు. ఎస్‌బీసీ అనే కోడెక్ మంచి సెట్టింగ్‌లో సెకనుకి 328 కిలోబిట్లు, ఎల్‌డాక్ అనేది 990 దాకా వెళ్తుంది. కానీ 990 దగ్గర జనం గుంపులో సిగ్నల్ తెగుతుంది, ఫోన్ తనంతట తనే కిందికి దించుతుంది.

ఆలోచించాల్సింది బ్యాటరీ. ఇయర్‌బడ్‌లోని బుల్లి లిథియం సెల్ కొన్ని వందల చార్జింగులకి కెపాసిటీ కోల్పోవడం మొదలుపెడుతుంది. షెల్ జిగురుతో అంటించి ఉంటుంది, విప్పి మార్చుకునే వీలు దాదాపు ఉండదు. ఖరీదైనదైనా చవకదైనా కొన్నేళ్లకి ఒకే గతి. కేబుల్ మార్చుకునే వైర్డ్ పీస్‌కి ఆ గడువు లేదు. అందుకే వైర్‌లెస్‌లో నా ఓటు మధ్య ధరకే.

చెవులపిల్లి:

జాలీ దుమ్ము వదిలింది, కుడివైపు సరిపోయింది. ‘స’ గుచ్చడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఈక్యూ అన్నారు కదా, ఎంత పెట్టాలి? అది చేసుకున్నాక కూడా హైబ్రిడ్ మీద మనసుపోతే, రెండిటినీ న్యాయంగా పోల్చేదెలా?

ఓమ్‌మీటర్:

ముందు గుచ్చేచోటు కనుక్కోవాలి. తక్కువ వాల్యూమ్‌లో 4 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే సైన్ స్వీప్ పెట్టండి. ఎక్కడ చటుక్కున పొడుస్తుందో ఆ అంకె రాసుకోండి. అది 7.2 అనుకుందాం. పారామెట్రిక్ ఈక్యూలో పీక్ ఫిల్టర్: 7200 హెర్ట్జ్, మైనస్ 4 డెసిబెల్స్, క్యూ (ఫిల్టర్ ఎంత ఇరుకో చెప్పే అంకె) 3. మళ్లీ స్వీప్. పక్కకి పోతే అంకె జరపండి, పాట మసకబారితే మైనస్ 3కి తగ్గించండి. బేస్ ఇంకా కావాలంటే 105 హెర్ట్జ్ లో-షెల్ఫ్ (ఆ అంకె కిందిదంతా ఎత్తే ఫిల్టర్), ప్లస్ 4, క్యూ 0.7. పెంచిన ప్రతిచోటా అంతకి అంత ప్రీఆంప్ (మొత్తం స్థాయి) తగ్గించాలి. ఇక్కడ ప్రీఆంప్ మైనస్ 4 పెట్టకపోతే గట్టి దెబ్బలు చిట్లిపోతాయి, చిట్లితే ఇయర్‌ఫోన్‌ని తిట్టుకుంటారు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో పవర్‌ఆంప్ ఈక్వలైజర్ చాలు. ఆటోఈక్యూ ప్రాజెక్టులో మోడల్ పేరు వెతికితే సిద్ధంగా ఫిల్టర్లు దొరుకుతాయి, కానీ అందులో 8 కిలోహెర్ట్జ్ పైన ఉన్నవి తీసేయండి. అవి కప్లర్ చెవికి, మీ చెవికి కాదు.

పోల్చడంలో అందరూ బోల్తా పడేది వాల్యూమ్ దగ్గర. 1 డెసిబెల్ ఎక్కువున్నది ‘గట్టిగా’ అనిపించదు, ‘బాగుంది’ అనిపిస్తుంది. రెండు ఇయర్‌ఫోన్ల సెన్సిటివిటీ వేరు కాబట్టి వోల్టేజీ సమానం చేస్తే సరిపోదు. చిన్న సిలికాన్ గొట్టం ముక్క ఒక చివర ఇయర్‌ఫోన్, రెండో చివర ఫోన్ మైక్ దగ్గర బిగుతుగా పెట్టి, 500 హెర్ట్జ్ టోన్‌కి సౌండ్ మీటర్ యాప్ రెండిటికీ ఒకే అంకె చూపేలా వాల్యూమ్‌లు సర్దండి. ల్యాబ్ పని కాదు గానీ ఊరికే చెవితో సర్దినదానికంటే నయం. అదే రెండు డాంగిల్స్‌నో రెండు కేబుల్స్‌నో పోలుస్తుంటే మల్టీమీటర్ చాలు. 0.1 డెసిబెల్ అంటే వోల్టేజీలో 1.2 శాతం. టోన్ 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, మామూలు మీటర్లు పైకి వెళ్లేకొద్దీ ఏసీ వోల్టేజీ తప్పు చూపుతాయి.

ఆ డాంగిల్స్‌నో కేబుల్స్‌నో కళ్లు మూసుకుని పోల్చాలంటే ఇంకొకళ్లు మార్చిపెట్టాలి, 16 సార్లు. 12 సార్లు గుర్తుపడితే అది ఊరికే తగిలే అవకాశం 4 శాతం లోపు. తొమ్మిదీ పదీ దగ్గర ఆగితే తేడా ఉన్నట్టు చెప్పుకోలేం.

రాగితీగ:

ఇంకొక చిట్కా. ఇద్దరు కొలిచిన గ్రాఫులు కలిపి చూడకండి, ఒకే సైట్‌లో ఒకే కప్లర్ మీద రెండు మోడళ్లూ ఉంటే ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. 200 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా గీతలు 1–2 డెసిబెల్స్ లోపే ఉంటే, తేడా అంతా బేస్ షెల్ఫ్‌లోనో 5 కిలోహెర్ట్జ్ పైనో ఉందన్నమాట. షెల్ఫ్ ఈక్యూతో వచ్చేస్తుంది. ఇక పది రెట్ల ధరకి మీరు కొంటున్నది ఆ పై భాగం, షెల్, సర్వీసు. తిరిగి ఇచ్చే వీలు ఉన్నచోటే కొనండి, నాలుగు గంటలు ఏకబిగిన పెట్టుకుని చూడండి. ఆరు డ్రైవర్ల షెల్ లావుగా ఉంటుంది, చెవి గిన్నె అంచు నొప్పెడితే ఎంత బాగా పాడినా డ్రాయర్‌లోకే పోతుంది. సాకెట్ 2-పినా, ఎంఎంసీఎక్సా, జాలీలు విడిగా అమ్ముతారా లేదా అన్నది కూడా అడగండి. ఎంఎంసీఎక్స్ గిర్రున తిరుగుతుంది కాబట్టి ఊడదీసే కొద్దీ వదులై, కదిపినప్పుడల్లా కరకరమంటుంది.

చెవులపిల్లి:

7200 కాదు, 6800 దగ్గర దొరికింది. మైనస్ 3.5 పెట్టాక ‘స’ సద్దుమణిగింది. హైబ్రిడ్ గ్రాఫ్ మీద వేసి చూస్తే 5 కిలోహెర్ట్జ్ దాకా రెండు గీతలూ ఇంచుమించు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ప్రస్తుతానికి ఒక డబ్బా ఫోమ్ టిప్స్‌తో సరిపెడతాను. అవెన్నాళ్లు వస్తాయి?

తంబుర:

రోజూ వాడితే రెండు మూడు నెలలు. నలిపినప్పుడు ఉబ్బడానికి పట్టే టైమ్ సగానికి పడిపోతే, లేదా పైన పొర గట్టిపడి మెరుస్తుంటే మార్చేయండి. కడగకండి, నీళ్లు పీల్చి కన్నాలు మూసుకుంటాయి. నాజిల్ వ్యాసం కొలిచే కొనండి, వదులైతే టిప్ చెవిలోనే ఉండిపోయి ఇయర్‌ఫోన్ ఒక్కటే బయటికొస్తుంది. ఇంకో మాట, ఫోమ్ వేస్తే ట్రెబుల్ కొద్దిగా మెత్తబడుతుంది, ఆ మైనస్ 3.5ని మైనస్ 2కి తెచ్చి మళ్లీ స్వీప్ పెట్టి చూసుకోండి.